తుక్కుకు పోవాల్సిన పడవ

2001 సెప్టెంబర్ 11, మంగళవారం. న్యూయార్క్ నగరంలో మన్‌హాటన్ దక్షిణ కొస నుంచి ఒక పాత ఎర్ర పడవ హడ్సన్ నదిలో ఉత్తరానికి బయలుదేరింది. డెక్కు మీద దాదాపు 150 మంది. తల నుంచి కాళ్ల దాకా బూడిదే. ఎవరు ఆఫీసరో, ఎవరు ఊడ్చే పనివాళ్లో పోల్చుకునే వీలు లేదు. కొందరి కాళ్లకు చెప్పులు లేవు. అందరూ వెనక్కే చూస్తున్నారు. ఉదయం 8.46కి మొదటి విమానం, 9.03కి రెండో విమానం ఢీకొట్టిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లు ఇప్పుడు లేవు. 9.59కి ఒకటి, 10.28కి రెండోది నేలకూలాయి. అవి ఉన్నచోట పొగ కొండలా నిలబడి ఉంది.

వైర్‌లెస్‌లో న్యూయార్క్ అగ్నిమాపక శాఖ గొంతు వినిపించింది. మనుషుల్ని వీలైనంత త్వరగా దించేసి వెనక్కి రమ్మని దాని సారాంశం. నీళ్లు కావాలి. టవర్లు కూలిన బరువుకి భూమిలోని నీటి మెయిన్లు నలిగిపోయాయి. వీధి హైడ్రంట్లు శిథిలాల కింద పడ్డాయి. ఎన్నో ఫైరింజన్లు నుజ్జయ్యాయి. మిగిలిన వాటికి పట్టడానికి నీళ్లు లేవు. పక్కనే నది నిండుగా పారుతోంది. కాని ఆ నీటిని తోడి మంటల దాకా నెట్టగలిగేవి ఆ క్షణాన పడవలు మాత్రమే.

ఆ పిలుపు అందుకున్న పడవ పేరు జాన్ జె. హార్వే. అది అగ్నిమాపక శాఖ పడవ కాదు. ఏడేళ్ల కిందటే సర్వీసు నుంచి తప్పించారు. తుక్కు కింద పోవాల్సిన దాన్ని కొందరు మామూలు పౌరులు సొంత డబ్బుతో కొని, బాగుచేసి, వచ్చినవాళ్లకు చూపించుకుంటున్నారు. కాగితాల ప్రకారం అది చరిత్ర గుర్తుగా దాచుకున్న వస్తువు.

ప్రాణం ఇచ్చిన సరంగు పేరు

హార్వే కథ మొదలైంది ఒక మరణంతో. 1930 ఫిబ్రవరి 11న మ్యూనిచ్ నగరం పేరు పెట్టుకున్న ఒక జర్మన్ ఓడ న్యూయార్క్ రేవులో అంటుకుంది. మంటలార్పడానికి థామస్ విలెట్ అనే ఫైర్ బోటు దాని పక్కకి వెళ్లింది. ఓడలో పేలుడు జరిగింది. ఫైర్ బోటు నడుపుతున్న సరంగు జాన్ జె. హార్వే అక్కడే ప్రాణం విడిచాడు. మరుసటి ఏడాది, 1931లో, బ్రూక్లిన్‌లోని టాడ్ షిప్‌యార్డులో తయారైన కొత్త ఫైర్ బోటుకి ఆయన పేరే పెట్టారు.

పొడవు 130 అడుగులు, వెడల్పు 28 అడుగులు. అప్పటిదాకా న్యూయార్క్‌లో పెద్ద ఫైర్ బోట్లు ఆవిరితో నడిచేవి. బాయిలరులో పుట్టిన ఆవిరే పడవను నడపాలి, అదే పంపుల్ని తిప్పాలి. పంపులు జోరుగా తిప్పితే పడవకి కదిలే సత్తువ తగ్గేది. పడవ నడిపితే నీటి ధార తగ్గేది. మండుతున్న ఓడ పక్కన నిలబడ్డప్పుడు ఈ రెండింట్లో ఏది తగ్గినా ప్రాణాంతకమే. హార్వేలో ఆవిరి స్థానంలో పెట్రోలు ఇంజన్లు వచ్చాయి. ఇంజన్లు జనరేటర్లను తిప్పుతాయి, ఆ కరెంటుతో మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పుతాయి. అందుకే అది కదులుతూనే పూర్తి వేగంతో నీళ్లు చిమ్మగలిగేది. న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో ఇలా పెట్రోలు ఇంజన్లతో బలం పుంజుకున్న మొదటి పెద్ద ఫైర్ బోటు అదే. 1957లో పెట్రోలు ఇంజన్లు తీసేసి ఐదు డీజిల్ ఇంజన్లు బిగించారు.

దాని సత్తా నిమిషానికి 18,000 అమెరికన్ గ్యాలన్లు. మన లెక్కలో 68,000 లీటర్ల పైచిలుకు. మన ఊళ్లలో తిరిగే పెద్ద ఫైరింజన్ ట్యాంకులో పట్టేది సుమారు 4,500 లీటర్లు. అంటే హార్వే ఒక్క నిమిషంలో పదిహేను ఫైరింజన్లను ఖాళీ చేసినంత నీటిని చిమ్ముతుంది. పైగా ఫైరింజన్ ట్యాంకు ఖాళీ అయితే నింపుకురావాలి. పడవకి ట్యాంకే అక్కర్లేదు. అది తేలే నీరే దాని ట్యాంకు.

మెట్లు దిగితే

సందర్శకులు ముందుగా చూసేది డెక్కు మీది నీటి ఫిరంగుల్ని. మొత్తం ఎనిమిది. ఒక మనిషి చేతులతో పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పగలిగేలా బిగించి ఉంటాయి. పిల్లలు వాటి దగ్గరే ఆగిపోతారు. ఆ పైన చుక్కాని గది. అద్దాల్లోంచి నది నాలుగు వైపులా కనిపిస్తుంది. కాని ఈ పడవ మర్మం తెలియాలంటే కిందికి దిగాలి.

నిటారు ఇనుప మెట్లు దిగితే ఇంజను గది. నూనె వాసన, డీజిల్ వాసన కలిసి ముక్కుకి తగులుతాయి. మనిషి ఎత్తుకి మించిన ఇంజన్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య నడిచే దారి ఒక మనిషికి మాత్రమే సరిపోతుంది. నీటి పంపులూ, వాల్వులూ, గొట్టాలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటాయి. గోడకి గుండ్రని కిటికీలుంటాయి. వాటిలోంచి చూస్తే నది ఉపరితలం దాదాపు కంటి ఎత్తులో ఉంటుంది. అంతకుమించి బయటి ప్రపంచం ఏమీ కనబడదు.

పైన చుక్కాని పట్టుకున్న సరంగుకి ఇంజన్ల మీద నేరుగా పట్టు లేదు. అతను టెలిగ్రాఫ్ మీటని జరుపుతాడు. కింద గంట మోగి, ముల్లు ముందుకో వెనక్కో, నెమ్మదిగానో పూర్తి వేగంతోనో చూపిస్తుంది. ఇంజనీరు ఆ ఆజ్ఞ చదివి మీటల్ని జరుపుతాడు. పడవ ఎక్కడుందో, ఎదురుగా గోడ ఉందో మండుతున్న ఓడ ఉందో అతనికి తెలియదు. పైవాడిని నమ్మి పని చేస్తాడు. పైవాడు కిందివాడిని నమ్మి చుక్కాని తిప్పుతాడు. నమ్మకం ఇద్దరిలో ఎవరికి సడలినా పడవ గట్టుకి గుద్దుకుంటుంది.

ఈ పని పుస్తకం చదివితే రాదు. ఏ వాల్వు ఎంత తిప్పితే బిగుస్తుందో, ఏ ఇంజను చలికాలంలో మొరాయిస్తుందో, ప్రవాహం ఎదురుగా ఉన్నప్పుడు గట్టుకి ఏ కోణంలో రావాలో చేసినవాడు పక్కన నిలబడి చూపిస్తేనే తెలుస్తుంది. ఆ చూపించినవాళ్లెవరో ముందు ముందు చెప్పుకుందాం.

రెండు ఓడలు, రెండు రేవులు

హార్వే చూసిన అగ్నిప్రమాదాల్లో ప్రపంచమంతా మాట్లాడుకున్నది 1942 ఫిబ్రవరి 9 నాటిది. ఫ్రాన్స్ గర్వంగా చెప్పుకున్న నార్మండీ ఓడను సైనికుల రవాణాకి మారుస్తుండగా, వెల్డింగ్ పనిలో ఎగిరిన నిప్పురవ్వ లైఫ్ జాకెట్ల కుప్పని అంటించింది. గట్టు నుంచి, నది నుంచి నీళ్లు కుమ్మరించారు. మంట అదుపులోకి వచ్చింది. కాని ఓడలో చేరిన నీరు ఒక పక్కకి బరువై, తెల్లవారేలోపే ఆ మహానౌక పక్కకి ఒరిగి పడిపోయింది. ఓడ మీద నీళ్లు పోయడంలోనూ లెక్క ఉండాలని ఆ రాత్రి నేర్పింది.

ఆ పాఠం ఏడాది తిరిగేసరికి అక్కరకొచ్చింది. 1943 ఏప్రిల్ 24న హడ్సన్ అవతలి ఒడ్డున జెర్సీ సిటీలోని కేవెన్ పాయింట్ దగ్గర ఎల్ ఎస్టెరో అనే ఓడలో మంట లేచింది. ఆ ఓడ కడుపులో 1,300 టన్నులకు పైగా బాంబులూ మందుగుండూ ఉన్నాయి. పక్కనే మందుగుండు నింపిన మరికొన్ని ఓడలు, రైలు వ్యాగన్లు. పేలితే ఇటు న్యూజెర్సీ పట్టణాలకీ అటు మన్‌హాటన్‌కీ ముప్పే. కోస్ట్ గార్డ్ జవాన్లు తమంతట తాము ముందుకొచ్చి ఓడ ఎక్కారు. హార్వే, దానికి తోడు ఫైర్ ఫైటర్ అనే మరో ఫైర్ బోటు ఓడ పక్కకి చేరి నీళ్లు నింపడం మొదలుపెట్టాయి. టగ్గులు మండుతున్న ఓడను రేవు నుంచి బయటికి లాగాయి. లోతైన చోటికి తీసుకెళ్లి, నీళ్లు నింపి ముంచేశారు. ఊళ్లు దక్కాయి.

సరిగ్గా ఏడాదికి, పది రోజులు తక్కువగా, మన దేశంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. 1944 ఏప్రిల్ 14. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ ఓడ. దానిలో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, వాటితో పాటే కరాచీలో ఎక్కించిన వేలాది పత్తి బేళ్లు, బంగారు కడ్డీలు. మధ్యాహ్నం పత్తిలోంచి పొగ వచ్చింది. ఫైర్ సిబ్బంది పరుగున వచ్చి నీళ్లు పట్టారు. ఓడను బయటికి లాగాలా, అక్కడే ముంచాలా అని తేల్చి చెప్పేవాళ్లు లేకపోయారు. సాయంత్రం 4.06కి మొదటి పేలుడు. అరగంట తిరక్కుండానే రెండోది. డాక్ తునాతునకలైంది. మంటలు బస్తీల మీద పడ్డాయి. వందలాది ప్రాణాలు పోయాయి. చివరిదాకా గొట్టం వదలని 66 మంది అగ్నిమాపక సిబ్బంది అక్కడే చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14న మన ఫైర్ స్టేషన్లలో వాళ్లకే నివాళి అర్పిస్తారు. ఆ రోజుతోనే అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి.

మనుషుల ధైర్యంలో బొంబాయికీ న్యూయార్క్‌కీ తేడా లేదు. తేడా వచ్చింది పనిముట్టులో, వేళకి తీసుకున్న నిర్ణయంలో.

వేలం పాట

కాలం మారింది. సరుకంతా కంటెయినర్లలోకి వెళ్లింది. మన్‌హాటన్ గట్టున చెక్క రేవులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఓడలు తగ్గాయి, ఓడల మంటలూ తగ్గాయి. 1966 జూన్‌లో రెండు ట్యాంకర్లు, ఆల్వా కేప్, టెక్సాకో మసాచుసెట్స్, ఢీకొని అంటుకున్నప్పుడు సాయానికి వెళ్లిన పడవల్లో హార్వే ఒకటి. ఆ తర్వాత పండగలకీ కొత్త ఓడలు వచ్చినప్పుడూ నీటి ధారలు చిమ్మి స్వాగతం చెప్పే పనే ఎక్కువైంది. 1994లో సర్వీసు ముగిసింది. మొత్తం అరవై ఏళ్ల పైమాటే.

1999లో వేలం పెట్టారు. అరవై దాటిన ఇనుప పడవ వేలానికి వస్తే ఎవరు కొంటారు? ఇనుము తూకానికి కొనేవాళ్లు. కాని ఈసారి ఆ పాటలో ఇంకో గుంపు ఉంది. పాత పడవలంటే ప్రాణం పెట్టే కొందరు స్నేహితులు డబ్బులు పోగేసుకుని వచ్చారు. 28,010 డాలర్లకు పాట వాళ్ల పేరున నిలిచింది.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలైంది. తుప్పు గీకాలి. గొట్టాలు మార్చాలి. పంపులు విప్పి బిగించాలి. ఆ ఇంజన్లకి విడి భాగాలు బజార్లో దొరికే రోజులు పోయాయి. జీతం లేకుండా సెలవు రోజుల్లో వచ్చి పనిచేసే జనం చేరారు. హంట్లీ గిల్ చుక్కాని పట్టడం నేర్చుకున్నాడు. టిమ్ ఐవరీ ఇంజన్ల బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. వాళ్లకి గురువులు దొరికారు. అగ్నిమాపక శాఖలో ఏళ్ల తరబడి ఇదే పడవ నడిపి రిటైరైన బాబ్ లెన్నీ లాంటివాళ్లు మళ్లీ వచ్చి, చేతులు పట్టుకుని నేర్పారు. ఇంజను గదిలో పని తెలిసిన చేతులు కొత్త చేతులకి పని అప్పగించాయి.

వాళ్లు తీసుకున్న ఒక నిర్ణయం దగ్గర ఆగాలి. పడవను రంగులేసి గట్టున కట్టేసి టికెట్టు పెట్టి కూర్చోవచ్చు. ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ. వాళ్లు ఆ దారి పట్టలేదు. ఇంజన్లు తిరగాలి, పంపులు నీళ్లు చిమ్మాలి, జనాన్ని ఎక్కించుకుని నదిలో తిరగాలి అనుకున్నారు. 2000 జూన్‌లో అమెరికా చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో హార్వేకి చోటు దక్కింది. ఆ మరుసటి ఏడాదే సెప్టెంబర్ వచ్చింది.

80 గంటలు

ఆ ఉదయం హార్వే 23వ వీధి దగ్గర పియర్ 63లో కట్టేసి ఉంది. ట్రేడ్ సెంటర్ అక్కడికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరం. పొగ కళ్లకి కనిపిస్తోంది. పడవ మనుషులు తాళ్లు విప్పి బయలుదేరారు.

దక్షిణ కొసన గట్టు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. వంతెనలూ సొరంగాలూ మూతపడ్డాయి. రైళ్లు ఆగిపోయాయి. న్యూజెర్సీ నుంచి రోజూ వచ్చేవాళ్లు దిగే పాత్ రైలు స్టేషన్ ఆ టవర్ల కిందే ఉంది. వెనక బూడిద మేఘం, ముందు నది. కోస్ట్ గార్డ్ అధికారి మైకేల్ డే అందుబాటులో ఉన్న పడవలన్నీ రావాలని వైర్‌లెస్‌లో పిలుపిచ్చాడు. ఫెర్రీలు, టగ్గులు, విహార పడవలు, చేపలు పట్టే బోట్లు, పోలీసు లాంచీలు వరస కట్టాయి. తొమ్మిది గంటల లోపే దాదాపు 5 లక్షల మందిని నది దాటించాయి. 1940లో డన్‌కిర్క్ తీరం నుంచి 3,38,000 మంది సైనికుల్ని తరలించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆనాడు లండన్ నుంచి అక్కడికి వెళ్లిన చిన్న పడవల్లో మాసీ షా అనే ఫైర్ బోటు కూడా ఉంది. దాన్నీ బ్రిటిష్ వాళ్లు ఇవాళ్టికీ కాపాడుకుంటున్నారు.

హార్వే ఆ పడవల వరసలో కలిసి 150 మందిని ఎక్కించుకుంది. అప్పుడే వచ్చింది మొదట చెప్పిన పిలుపు. మనుషుల్ని దించి పడవ వెనక్కి తిరిగింది. అగ్నిమాపక శాఖ దానికి పాత సంకేత నామం మళ్లీ ఇచ్చింది: మెరైన్ 2. రిటైరైన పడవ తిరిగి డ్యూటీలో చేరింది.

ట్రేడ్ సెంటర్‌కి పడమటి వైపు నది గట్టు ఉంది. హార్వే, ఫైర్ ఫైటర్, జాన్ డి. మెక్కీన్ అనే మరో ఫైర్ బోటు ఆ వైపు గట్టుకి చేరాయి. వాటిలో మిగతా రెండూ శాఖవే, సర్వీసులో ఉన్నవే. హార్వే ఒక్కటే పౌరులది. పడవ నుంచి గొట్టాలు దించారు. ఫైర్‌మెన్ ఆ బరువైన గొట్టాల్ని భుజాన వేసుకుని, విరిగిన ఇనుము మీదుగా, బూడిదలో మోకాళ్ల దాకా దిగబడుతూ లాక్కెళ్లారు. తమ తోటివాళ్లు ఎంతమంది ఆ కుప్ప కింద ఉన్నారో అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత లెక్క తేలింది: 343 మంది.

కింద ఇంజను గదిలో గంట మోగింది. పంపులు అందుకున్నాయి. హడ్సన్ నీరు గొట్టాల్లోకి దూకింది. అప్పటిదాకా చదునుగా పడి ఉన్న గొట్టాలు ఉబ్బి బిగుసుకున్నాయి. నది నీళ్లు శిథిలాల దాకా చేరాయి.

ఆ నీటి విలువ తెలియాలంటే అదే సాయంత్రం జరిగింది చూడాలి. పక్కనే ఉన్న 47 అంతస్తుల 7 వరల్డ్ ట్రేడ్ సెంటర్ భవనం పొద్దున్నుంచీ తగలబడుతూనే ఉంది. ఆర్పడానికి నీటి పీడనం లేదు. సాయంత్రం 5.20కి అదీ కూలిపోయింది. హైడ్రంట్‌లో నీళ్లు లేకపోతే ప్రపంచంలోనే పేరుమోసిన అగ్నిమాపక శాఖ కూడా నిస్సహాయంగా నిలబడి చూడాల్సిందే. ఆ రోజు పడవల నుంచి వచ్చిన ప్రతి చుక్కకీ ప్రాణమంత విలువ.

రాత్రయింది. పంపులు ఆగలేదు. తెల్లారింది. ఆగలేదు. ఇంజను దగ్గర నిలబడేవాళ్లు వంతులేసుకున్నారు. 12వ తేదీన జెస్సికా డులాంగ్ అనే యువతి పడవ ఎక్కింది. డాట్‌కామ్ కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తూ, ఆ ఏడాదే ఈ పాత ఇంజన్ల మీద ఇష్టం పెంచుకుని పని నేర్చుకోవడానికి చేరిన మనిషి. బాబ్ లెన్నీ లాంటి పాతకాపులూ నిన్న మొన్న చేరిన ఆమె లాంటివాళ్లూ ఒకే పడవ మీద పనిచేశారు. ఆమె తర్వాత అదే పడవకి ఇంజనీరై, ఆ రోజుల గురించీ, ఆ పడవల తరలింపు గురించీ పుస్తకాలు రాసింది.

నగరం నీటి మెయిన్లు బాగుచేసుకునేదాకా ఆ మూడు పడవలే ఆధారం. లెక్కేస్తే సుమారు 80 గంటలు. మూడు పగళ్లు, మూడు రాత్రుళ్ల పైచిలుకు. 70 ఏళ్ల వయసున్న పడవ, జీతం ఎరగని సిబ్బంది, నగరపు నీటి గొట్టం స్థానంలో నిలబడి పనిచేశారు. ఆ సేవకి చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే అమెరికా జాతీయ సంస్థ ప్రత్యేక పురస్కారం ఇచ్చింది. 2002లో మైరా కాల్మన్ ఈ పడవ కథని పిల్లల పుస్తకంగా బొమ్మలతో తెచ్చింది. హార్వే పక్కన నిలిచిన ఫైర్ ఫైటర్ 2010లో రిటైరై తానూ మ్యూజియం అయింది.

కురుసుర నేర్పేది

ఇదంతా ఎక్కడో అమెరికాలో కదా అనుకోవడానికి లేదు. నావను కాపాడుకోవడంలో తెలుగువాళ్లకి మంచి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో గస్తీ తిరిగి, 31 ఏళ్లు పనిచేసిన ఐఎన్‌ఎస్ కురుసుర 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. తుక్కుకి పోకుండా ఆ 91 మీటర్ల సబ్‌మెరైన్‌ను విశాఖ ఆర్కే బీచ్ ఇసుక మీదికి లాగి నిలబెట్టారు. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల ఇరుకు దారిలో నడుస్తుంటే ఇది టార్పెడో, ఇది వంటగది అని చెప్పేది రిటైరైన నేవీ మనుషులే. వాళ్లు అందులో బతికినట్టు చెబుతారు, ఎందుకంటే అలాంటి వాటిలో బతికారు. ఇనుముతో పాటు దాన్ని ఎరిగిన మనిషినీ అట్టిపెట్టుకోవడం కురుసుర విషయంలో జరిగిన అసలైన మంచిపని.

అదే విశాఖలో 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్ తగలబడింది. ఒక బోటులో పుట్టిన మంట పక్కనున్న వాటికి పాకింది. తాడు కోసి మండే బోటుని లోపలికి నెట్టినా గాలికి, ప్రవాహానికి అది తిరిగి గట్టుకే వచ్చి మిగతా వాటిని అంటించింది. బోట్లలో నింపిన డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు పేలాయి. గట్టు మీద ఫైరింజన్లు నిలబడ్డాయి, మంట నీళ్ల మీద ఉంది. పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. లక్షలు అప్పు తెచ్చి బోటు కట్టించుకున్న మత్స్యకారుల కళ్ల ముందే బూడిదయ్యాయి. నీటి మీది మంటని నీటి మీంచే ఎదుర్కోవాలి. న్యూయార్క్ ఆ సంగతి చేతిలో ఫైర్ బోట్లు పెట్టుకుని నేర్చుకుంది. మనం బోట్లు కాల్చుకుని నేర్చుకున్నాం.

సముద్రం చూడని ఊరికీ ఈ కథ చెందుతుంది. రాయ్‌పూర్ జిల్లా తిల్దాలో ధాన్యం మిల్లుల పక్కన కాపురముంటున్న తెలుగు కుటుంబానికి ఫైర్ బోటుతో పనిలేదు. కాని ఊకకుప్ప అంటుకున్న రాత్రి ఆ ఊరికీ కావాల్సినవి అవే మూడు: దగ్గర్లో నీళ్లు, ఆ నీటిని నెట్టే పంపు, పంపు నడపడం తెలిసిన మనిషి. చెరువు ఎండబెట్టుకుని, పాత పంపుసెట్టు తుక్కుకి అమ్మేసి, రిటైరైన ఆపరేటర్ని మరిచిపోయిన ఊరు ఎంత పెద్దదైనా ఆ రాత్రి చేతులు ముడుచుకోవాల్సిందే.

కాబట్టి ఒక విన్నపం. మన రేవుల్లో మంటలార్పే టగ్గులు, అగ్నిమాపక శాఖలో పాత వాహనాలు, పంపులు ఏటా ఎన్నో సర్వీసు నుంచి తప్పుకుంటాయి. అన్నిటినీ దాచలేం. జిల్లాకి ఒకటైనా, రేవుకి ఒకటైనా ఎంచుకుని, రంగు వేసి గట్టున కట్టేయకుండా, నడిచే స్థితిలో ఉంచాలి. విశాఖ పోర్టూ, రెండు తెలుగు రాష్ట్రాల అగ్నిమాపక శాఖలూ ఈ పనికి పూనుకోవాలి. దాన్ని నడిపినవాళ్లు రిటైరయ్యాక ఇంటికే పరిమితం కాకుండా, నెలకి ఒకరోజైనా వచ్చి కుర్రాళ్లకి నేర్పే ఏర్పాటు చేయాలి. దీనికి కావాల్సిన డబ్బు ఒక విగ్రహానికి పెట్టే ఖర్చులో చిన్న వంతు.

పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. వచ్చే ఏప్రిల్ 14న దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కి పిల్లల్ని తీసుకెళ్లండి. ఫైరింజన్ ఎక్కి ఫొటో దిగితే సరిపోదు. ఆ పంపు ఎలా పనిచేస్తుందో, మీ వీధికి నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారో అక్కడి సిబ్బందిని అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే మున్సిపాలిటీకి రాయండి. హార్వేని కాపాడింది ప్రభుత్వం కాదు, పట్టించుకున్న మామూలు మనుషులు. ఆ పడవ తర్వాత ఆ మనుషుల నగరాన్నే కాపాడింది.